మా తాతగారికి తెలుగులో మార్కులెందుకు తగ్గాయి

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపితే అందులో మా అమ్మ వాళ్ళ నాన్నగారి ఎస్సెస్సెల్సీ పుస్తకం, అంటే స్కూలు ఫైనలు మార్కుల పుస్తకం దొరికింది. ఇప్పటి పిల్లలకి చెప్పాలి, అప్పట్లో అది ఒక్క కాగితం కాదు, నిజంగా పుస్తకమే. లోపల పుట్టుమచ్చల వివరాలు, పై ఫారాల్లో, అంటే పై తరగతుల్లో, ఏ సబ్జెక్టుకి ఎన్ని వచ్చాయో వరసలు, హెడ్మాస్టరుగారి సంతకాలు. 1926 నాటిది. ఒక మూల చెదలు తినేశాయి గానీ మార్కుల జోలికి పోలేదు.

లెక్కల్లో 71. ఇంగ్లీషులో 44. తెలుగులో 38.

ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. ఎందుకంటే తాతగారంటే మా ఊళ్ళో పోతన పద్యాలు గొంతెత్తి చదివే మనిషి, శుభలేఖ దగ్గర్నుంచి కోర్టు అర్జీ దాకా ఊరంతా ఆయన చేతే రాయించుకునేవాళ్ళు. అలాంటాయనకి ఇంగ్లీషు కంటే తెలుగులో తక్కువా! నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఏటా ప్రోగ్రెస్ కార్డులు నింపీ నింపీ వేళ్ళు అరిగినవాణ్ణి, కాబట్టి నాకు నవ్వు రాలేదు. ఎక్కడో తేడా ఉంది అనిపించింది.

ఆ బడులని ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూళ్ళు అనేవారు. 1854లో చార్లెస్ వుడ్ అనే ఇంగ్లండు మంత్రి ఇక్కడి చదువుల గురించి పంపిన డిస్పాచ్ (ఉత్తర్వు లాంటి లేఖ) దగ్గర్నుంచీ లెక్క ఏమిటంటే కింది తరగతులకి దేశభాష, పైకి వెళ్ళేకొద్దీ ఇంగ్లీషు. దాంతో పై ఫారాల్లో చరిత్ర, భూగోళం, లెక్కలు అన్నీ ఇంగ్లీషులోనే. అంటే చరిత్రలో వచ్చిన మార్కు సగం చరిత్రది, సగం ఇంగ్లీషుది. క్లైవు ఏం చేశాడో తెలిసినా చెప్పడానికి వాక్యం లేకపోతే సున్నా, వాక్యం బట్టీ పట్టినవాడికి క్లైవు ఎవరో తెలియకపోయినా మార్కులే. లెక్కలు కొంత నయం, అంకెలకి వ్యాకరణం లేదు కదా. వీధి బడిలో వీసం అంటే పదహారో వంతు అని పాటలా వల్లించి వచ్చిన పిల్లలు వాళ్ళు, అణాలూ పైసలూ వాళ్ళ నాలుక మీద ఉండేవి. తాతగారి 71 అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

ఇక తెలుగు సంగతి. మార్కులు పడేది పద్యాలు చదివినందుకు కాదు, వ్యాసానికీ అనువాదానికీ. ఇంగ్లీషు వాక్యం ఇస్తారు, తెలుగులోకి మార్చాలి. ‘అతడు వస్తున్నాడు’ అని అర్థమొచ్చే చిన్న వాక్యమే అనుకోండి. పిల్లవాడికి అర్థమైంది, నోట్లో ‘వస్తున్నాడు’ అని సిద్ధంగా ఉంది. కానీ కాగితం మీద అలా రాస్తే తప్పు, ‘వచ్చుచున్నాడు’ అని రాయాలి. ‘వచ్చాడు’ అని రాస్తే ఎర్ర గీత, ‘వచ్చెను’ కావాలి. దానికి తోడు అరసున్న ఎక్కడ పెట్టాలి, బండి ర ఎక్కడ వాడాలి అనేది ఇంకో గండం, ఆ రెండూ మాటలో వినిపించేవి కావు, పదం పదానికీ గుర్తుపెట్టుకోవాల్సిందే. అందుకే వాటిని రెండు భాషల బడులు అంటే నేనొప్పుకోను, అవి మూడు భాషల బడులు. పిల్లవాడు ఇంగ్లీషు నుంచి తన తెలుగులోకి ఒకసారి, తన తెలుగు నుంచి పుస్తకం తెలుగులోకి ఇంకోసారి అనువాదం చేయాలి. మార్కు వేసేది రెండోదానికి.

ఇది నా సొంత పైత్యం కాదు. ఆ శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారు జిల్లాల స్కూళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన తెలుగు నేర్చుకుంటూ ఇదే అడిగాడు, బళ్ళో చెప్పే తెలుగు ఒకటీ జనం మాట్లాడే తెలుగు ఇంకొకటీ ఏమిటని. మన పంతుళ్ళకి అలవాటైపోయి కనిపించనిది బయటివాడికి కనిపించింది. ఆ ప్రశ్న గిడుగు, గురజాడ, విశాఖ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల దాకా వెళ్ళి వాడుక భాష కోసం ఎంత పెద్ద యుద్ధమైందో మీకు తెలుసు. స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో రాసినా ఫరవాలేదని 1910లలో వెసులుబాటు ఇచ్చారు కూడా. గొడవ ముదిరింది, గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిచ్చినా లాభం లేకపోయింది, వెసులుబాటు వెనక్కి పోయింది. అది నిలిచుంటే తాతగారి 38 ఎంతయ్యేదో!

ఈ వరసలవారీ లెక్కల్లో ఇంకో చిక్కుంది. ఒక్క సబ్జెక్టు తప్పితే మొత్తం తప్పినట్టే. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయం మొదటి బి.ఏ. పరీక్షలో బంకించంద్రుడూ, యదునాథ్ బోసూ ఆరు సబ్జెక్టుల్లో అయిదు గట్టెక్కి ఆరోదాంట్లో కొద్దిలో పోతే, ఏడు మార్కుల లోపు కలిపి ఒడ్డున పడేశారు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో కుంభకోణం కాలేజీ కుర్రాడు రామానుజన్ ఇంగ్లీషు వ్యాసం తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. ఆయనకి కలిపేవాళ్ళు ఎవరూ లేరు.

పంతుళ్ళని తిట్టబోయి ఆగాను. 1860ల నుంచి చాలాకాలం మద్రాసు ప్రెసిడెన్సీలో చిన్న బడులకి ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చేవారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల చేత చదివించి, రాయించి, లెక్క చేయించి, ఎంతమంది గట్టెక్కితే అంత డబ్బు. పిల్లవాడి నోట్లో ఒక మాట జారితే పంతులుగారి ఇంట్లో బియ్యం తగ్గేవి. ఆ టెన్షన్‌లో వల్లె వేయించక ఏం చేస్తారు? రిజల్ట్ షీటు పట్టుకుని మమ్మల్ని మీటింగులో నిలబెట్టే రోజుల్లో ఆ బాధ నాకు బాగానే అర్థమవుతుంది.

ఇప్పుడు మా బడిలో పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మంచి ఏర్పాటే, నేను కాదనను. మొన్న యూనిట్ టెస్టులో ‘లంబకోణం అంటే ఏమిటి’ అనే ప్రశ్నకి ఒక అమ్మాయి ఖాళీ వదిలేసింది. పిలిచి అడిగాను. ఇంగ్లీషు పేజీలో చూశావా అంటే ‘రైట్ యాంగిల్ అని ఉంది సార్’ అంది, అదేమిటో మాత్రం తెలీదు. నల్లబల్ల మీద గీసి చూపించాను. వాళ్ళ నాన్న తాపీమేస్త్రి.

‘ఓ, మా నాన్న మూలమట్టం పెట్టి చూస్తాడే, అదా సార్?’ అంది.

అదేనమ్మా అన్నాను. పేపరు అప్పటికే దిద్దేశాను, సున్నా వేసి.