రెండు మార్కులతో పోయిన నెట్, రెండు చెవుల పాఠం

నిన్న యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది ఫ్రెండ్స్. సైకాలజీలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్! అమ్మ ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ఏ మెటీరియల్ చదివావని అడుగుతున్నారు. మెటీరియల్ అందరిదీ ఒకటే. నేను చెప్పేది కిందటిసారి రెండు మార్కులతో, అంటే సరిగ్గా ఒక్క ప్రశ్నతో ఎలా పోయిందో.

డైకాటిక్ లిజనింగ్ మీద ప్రశ్న, అంటే రెండు చెవులకూ ఒకేసారి వేర్వేరు శబ్దాలు వినిపించే పరీక్ష. కుడి చెవి విన్నది ఎడమ మెదడుకే వెళ్తుందని బట్టీపట్టి ఉన్నాను, ధీమాగా టిక్ పెట్టేశాను. తప్పు. ప్రతి చెవి నుంచీ రెండు వైపులకూ దారులుంటాయి, అడ్డంగా దాటి వెళ్లే దారి బలమైనది, అంతే. అందుకే ఒకవైపు శ్రవణ కార్టెక్స్ (మెదడులో వినికిడి చూసుకునే భాగం) దెబ్బతిన్నంత మాత్రాన ఒక చెవికి పూర్తిగా చెవుడు రాదు.

మరి రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు మాటలు వినిపిస్తే కుడి చెవికే మొగ్గు ఎందుకు? ఇది నాకు ఎక్కింది చెల్లి వల్ల. దానితో అంకెలు చదివించి, రికార్డ్ చేసి, ఎడమ ఛానెల్లో 'మూడు', అదే క్షణంలో కుడి ఛానెల్లో 'ఏడు' వచ్చేలా మూడు జతలు చేశాను. విన్నాక నా నోట కుడి చెవి అంకెలే ఎక్కువ వచ్చాయి. ఇయర్‌ఫోన్లు మార్చి పెట్టుకున్నా అంతే. (అందరికీ ఇలాగే వస్తుందని కాదు, తేడా చిన్నది.) సైకాలజిస్ట్ డోరీన్ కిమురా 1961లో మాంట్రియల్‌లో చేసింది ఇలాంటిదే. రెండు శబ్దాలు పోటీపడితే అడ్డంగా దాటే దారి అదే వైపు దారిని అణిచేస్తుంది. ఎడమ చెవి మాట కుడి మెదడుకు చేరి, కార్పస్ కెలోసమ్ (రెండు వైపుల మెదడును కలిపే వంతెన) దాటి, భాష ఉన్న ఎడమ వైపుకు రావాలి. ఆ వంతెన కోసేసిన స్ప్లిట్ బ్రెయిన్ పేషెంట్లు పోటీలో ఎడమ చెవి మాటలు దాదాపు చెప్పలేకపోయారు. అదే మాట ఒంటరిగా వినిపిస్తే చెప్పారు! మాట కుడి మెదడులో ఉన్న ఎపిలెప్సీ పేషెంట్లలో కిమురాకు ఎడమ చెవి మొగ్గు కనిపించింది. 1964లో రాగాలు వినిపిస్తే మామూలు వాళ్లలోనూ ఎడమ చెవే గెలిచింది. మొగ్గు చెవిది కాదు, పని ఏ వైపుదో దానిది.

స్టాటిస్టిక్స్, పేపర్ వన్‌కి (అన్ని సబ్జెక్టుల వాళ్లకీ ఉమ్మడి పేపర్) పాత పేపర్లు చేయండి, చాలు.

ఒక్క టాపిక్‌కి మూడు రోజులా అని రూమ్మేట్స్ నవ్వారు. నవ్వనీ. పొద్దున్న అయిదింటికి లేచి ఫోన్ పక్కన పెట్టింది నేను, వాళ్లు కాదు. నోట్సు నాలుగుసార్లు తిరగేయడమే చదువనుకుంటే మీ ఇష్టం.

చెప్పకపోతే మోసం అవుతుంది: ఈసారి పేపర్లో డైకాటిక్ లిజనింగ్ రాలేదు.