మెత్తన అంటే ఏమిటి

బరువు తగ్గించే ఆపరేషన్ జరిగిన 33వ రోజున ఒక బ్రెడ్డు ముక్క నన్ను ఓడించింది. అరచేతిలో సగం కూడా లేదు. అంచులు తీసేశాను. వేలితో నొక్కితే దూదిలా లోపలికి పోయింది. మెత్తటి ఆహారం మొదలుపెట్టవచ్చని డైటీషియన్ చెప్పి అప్పటికి ఐదు రోజులైంది. ఇంతకంటే మెత్తనిది ఇంకేముంటుంది అనుకుని నోట్లో వేసుకున్నాను. రెండు మూడు సార్లు నమిలి మింగేశాను.

నిమిషం గడవలేదు, రొమ్ము ఎముక వెనుక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోట్లో ఊట మొదలైంది. మామూలు ఉమ్మి కాదు, తీగలు సాగే చిక్కటి నురగ. సింకు మీద వంగి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. చివరికి అది వెళ్లిన దారినే తిరిగి వచ్చింది. చూస్తే బ్రెడ్డులా లేదు, పిసికిన పిండి ముద్దలా ఉంది.

"మెత్తగానే ఉంది కదరా," అంది అక్క నా వీపు నిమురుతూ. నాకూ అదే అర్థం కాలేదు.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. 128 కిలోల బరువు, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు కలిసి నన్ను ఆ బల్ల మీదికి చేర్చాయి. ఆ కథ చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక నేను వదిలేస్తున్నాను. ఈ ఆపరేషన్‌లో పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, జీర్ణాశయంలో దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు. లీటరుకు పైగా పట్టేలా సాగే సంచి పోయి, 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే అరటిపండు ఆకారపు గొట్టం మిగులుతుంది. దాని పొడవునా స్టేపుల్ పిన్నుల వరుస. ఆ వరుస మానాలి, లోపలి వాపు తీయాలి. మొదటి వారాల ఆహార నియమాలు ముఖ్యంగా ఆ గాయం కోసమేనని, బరువు సంగతి తర్వాత చూసుకోవచ్చని సర్జన్ చెప్పారు. అప్పుడు తల ఊపాను. సింకు దగ్గర గాని ఆ మాట బుర్రకెక్కలేదు.

మొదటి రెండు రోజులు 30 మిల్లీలీటర్ల కప్పుతో నీళ్లు, గుక్కకూ గుక్కకూ మధ్య విరామంతో. తర్వాత రెండు వారాలు నిండేదాకా ద్రవాలు. ఆ తర్వాత రెండు వారాలు మిక్సీలో వేసిన గుజ్జు. ఏది వేసినా ఒకే రంగు, ఒకే చిక్కదనం. కళ్లు మూసుకుని తింటే గుమ్మడికాయో చేపో తెలియదు. నాలుగు వారాలు నిండగానే నాలుగు వారాలపాటు మెత్తటి ఆహారం. ఒక్కొక్క ఆసుపత్రిలో ఈ లెక్క కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. వరస మాత్రం ఇదే. అన్నిటిలోకీ ఈ మెత్తటి దశే తేలిక అని నేను అనుకున్నాను. నీళ్లు అంటే నీళ్లే, గుజ్జు అంటే గుజ్జే, వాటిలో తికమక లేదు. మెత్తన దగ్గరికి వచ్చేసరికి ఎంచుకోవడం మొదలవుతుంది. తప్పులు కూడా అక్కడే మొదలవుతాయి.

బ్రెడ్డు సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే డైటీషియన్ నవ్వలేదు, తిట్టలేదు. "వేలికి మెత్తగా ఉంటే చాలదండీ. మింగాక అది ఏమవుతుందో చూడాలి," అన్నారు. బ్రెడ్డు ఉమ్మిని పీల్చుకుని ముద్దకడుతుంది. పాత సంచి అయితే దాన్ని అటూ ఇటూ తిప్పి నలిపేది. సాగే భాగం పోయి వాచి ఉన్న సన్నటి గొట్టానికి ఆ తీరిక లేదు, చోటూ లేదు. బాగా ఉడికిన అన్నం, పాస్తా కూడా ఆ బాపతే. ఆవిడ నాకు ఒక పరీక్ష చెప్పారు. ఫోర్కు వీపుతో నొక్కితే ఆ పదార్థం విడిపోవాలి. ఇది చాలామందికి తెలిసినదే. రెండో సగమే నేను వినలేదు: విడిపోయింది మళ్లీ ఒకటి కాకూడదు.

ఆ సాయంత్రం అక్కా నేనూ వంటగదిలో కనిపించినదాన్నల్లా ఫోర్కుతో నొక్కి చూశాం. బ్రెడ్డు నొక్కితే అణిగింది, విడిపోలేదు. అన్నం విడిపోయింది గానీ రెండోసారి నొక్కేసరికి ముద్దయింది. ఉడికించిన క్యారెట్ విడిపోయి అలాగే ఉండిపోయింది. ఆవిరి మీద ఉడికించిన చేప ముక్క అయితే ఫోర్కు తగలగానే రేకులు రేకులుగా జారిపోయింది. దాన్ని చూసి అక్క చప్పట్లు కొట్టింది.

చేపే నన్ను ఆ నెల దాటించింది. కోడిమాంసం మీద నాకు మమకారం ఎక్కువ కనుక దానితో కొన్ని యుద్ధాలు చేశాను. ముందురోజు వండి ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేసిన కోడి రొమ్ము ముక్క చూడటానికి లేతగా ఉంటుంది, మింగితే తాడు ముక్క. వేడిచేసిన ప్రతిసారీ తడి ఆవిరైపోతుంది, పోగులు బిగుసుకుంటాయి. అదే మాంసాన్ని కీమా కొట్టించి, పలుచటి పులుసులో నానేలా వండితే హాయిగా దిగింది. దాంతో ఇంట్లో ఒక కొత్త మాట పుట్టింది. "మెత్తగా ఉందా?" అని అడగడం మానేసి అక్క "తడిగా ఉందా?" అని అడిగేది.

అంత జాగ్రత్త పడ్డాక గుడ్డు నన్ను అయోమయంలో పడేసింది. బుధవారం చిన్న మంట మీద, కాస్త పాలు పోసి, తడి ఆరకుండా కలిపి వండిన గుడ్డు రెండు చెంచాలు తిన్నాను. ఏమీ కాలేదు. శుక్రవారం అదే గుడ్డు, అదే పెనం, అదే చెయ్యి. మూడో చెంచాకు మళ్లీ పిడికిలి. గుడ్డు పడటం లేదని తీర్మానించుకుని దాన్ని జాబితాలోంచి కొట్టేశాను కూడా. అక్కే పట్టుకుంది అసలు దొంగను. శుక్రవారం నేను ఫోనులో మాట్లాడుతూ తిన్నాను. బుధవారం ఇరవై నిమిషాలు పట్టినది ఆరు నిమిషాల్లో అయిపోయింది. అప్పటినుంచి పిల్లలకు తినిపించే చిన్న చెంచా, పక్కన టైమరు. ఒక్కొక్క చెంచాకు ఇరవై అయిదు, ముప్పై నమలడాలు. నమలడానికి ఏమీ లేని గుడ్డును ముప్పై సార్లు నమలడం ఎలాగో ఒక కళ. నాకు ఇప్పటికీ పూర్తిగా అబ్బలేదు.

నిండినట్టు తెలియడం కూడా మారిపోయింది. పూర్వం పొట్ట బరువెక్కితే నిండినట్టు. ఇప్పుడు ముందుగా ముక్కు కారుతుంది. కొందరికి వెక్కిళ్లు, కొందరికి తుమ్ములు వస్తాయట. నాకు ముక్కు. అది కారిందంటే చెంచా కింద పెట్టాలి. చేతిలో ఉన్న చెంచాను కూడా పెట్టేయాలి. ఆ ఒక్క చెంచా దగ్గర నేను ఎన్నిసార్లు బోల్తాపడ్డానో లెక్కలేదు. పళ్లెంలో మిగల్చడం తప్పని చిన్నప్పుడు నేర్చుకున్నది ఆ ఒక్క చెంచాలో వచ్చి కూర్చునేది.

ఆకలి మాత్రం లేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అది ఎక్కువగా జీర్ణాశయం పై భాగంలో తయారవుతుంది. ఆ భాగాన్నే నాకు తీసేశారు. ఆకలి లేని మనిషి ఏం తినాలో ఎంచుకోవడం చిత్రమైన పని. పొట్ట అడగదు, నాలుక అడుగుతుంది, మనసు గోల చేస్తుంది. వీళ్లెవరికీ పట్టని లెక్క ఒకటి గోడ మీద అంటించి ఉండేది: రోజుకు 60 గ్రాముల ప్రొటీన్, లీటరున్నర ద్రవాలు. పూటకు నాలుగు పెద్ద చెంచాలు పట్టే పొట్టతో 60 గ్రాములు చేర్చడం ఎంత కష్టమో ఒక గుడ్డులో ఆరు గ్రాములేనని తెలిశాక అర్థమైంది.

అక్కడే బంగాళదుంప మీద నా ప్రేమ తెగిపోయింది. వెన్న వేసి మెదిపిన బంగాళదుంప ఫోర్కు పరీక్షలో నెగ్గింది, గొంతు దిగింది, నొప్పి లేదు. మూడు రోజులు పూటపూటా అదే. నాలుగు చెంచాల బంగాళదుంపలో ప్రొటీన్ ఒక గ్రాము ఉంటే గొప్ప. అది పొట్టలో కూర్చున్నాక ఇంకొకరికి చోటుండదు. మూడో రోజు సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే కాళ్లు వణికాయి. ఆ రాత్రి నుంచి వరస మార్చాం. ముందు చేపో గుడ్డో చిక్కటి పెరుగో సోయాపాలతో చేసే తోఫూనో. అది అయ్యాక చోటుంటే రెండు చెంచాల కూరగాయ, అదీ తొక్క, గింజ, నార లేనిది. లోటు పడ్డ ప్రొటీన్‌ను పాలలో కలిపిన పొడితో పూరించుకునేవాణ్ణి. విటమిన్ మాత్రలు సరేసరి, అవి జీవితాంతం.

నీళ్ల నియమం అన్నిటికన్నా విసిగించింది. తిన్నాక అరగంట వరకు తాగకూడదు. తింటూ తాగితే ఉన్న కొద్ది చోటూ నీళ్లు ఆక్రమిస్తాయి. తాగని సమయంలో దాహం, తాగగలిగిన సమయంలో భోజనం. లీటరున్నర గుక్కగుక్కగా పూర్తిచేయడానికి రోజంతా సీసా చంకన పెట్టుకుని తిరిగాను. మొదటి వారాల్లో చల్లటి నీళ్లు తాగితే లోపల ముడుచుకున్నట్టుండేది, గోరువెచ్చనివి దిగేవి. మరొకటి గట్టిగా చెప్పారు: రోజంతా నీళ్లు కూడా నిలవకుండా వాంతులైతే మర్నాటిదాకా ఆగవద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గడం ఒక ప్రమాదం. రెండోది, శరీరంలో బీ1 విటమిన్ నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది, అది తరిగితే నరాలు, మెదడు దెబ్బతింటాయి. నాకు ఆ అవసరం రాలేదు. ఆ నంబరు మాత్రం ఫ్రిజ్ తలుపు మీద ఉండేది.

ఆరో వారంలో బిస్కెట్లు వచ్చాయి. దీన్ని దాచుకోకుండా చెప్పాలి. పాలలో ముంచి ఒకటి తిన్నాను. నోట్లోనే కరిగిపోయింది. పిడికిలి లేదు, నురగ లేదు, ముక్కు కూడా కారలేదు. రెండు, మూడు, ఆరు. చేప నాలుగు చెంచాలకే ఆపేసే పొట్ట ఆరు బిస్కెట్లకు కిమ్మనలేదు. వారాల తర్వాత మొదటిసారి నేను మామూలు మనిషినని అనిపించింది. అరగంటకు గుండె దడ, చెమటలు, పక్క మీద వాలిపోవడం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే వచ్చే ఈ అవస్థను డంపింగ్ అంటారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఎక్కువ, నాలాంటివాళ్లకూ వస్తుంది.

డైటీషియన్ ఆ మాట విని మొదటిసారి గొంతు పెంచారు. "బ్రెడ్డు మిమ్మల్ని ఆపింది కాబట్టి దానితో నాకు భయం లేదు. ఇది ఆపదు. ఇలా జారిపోయేవాటితోనే తగ్గిన బరువు తిరిగి వస్తుంది." దడ పుట్టడం నా అదృష్టమని కూడా అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. మిగిలిన పొట్లాన్ని అక్క చేతికిచ్చి ఎక్కడ దాచావో చెప్పవద్దన్నాను. ఎక్కడ దాచిందో నాకు తెలుసు. రెండుసార్లు ఆ అలమర దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చాను.

అక్కకు ఇదంతా నాకంటే కష్టంగా ఉండేదేమో. గంటన్నర కష్టపడి వండినది నాలుగు చెంచాలు తిని లేచిపోయేవాణ్ణి. "ఇంకొక్క చెంచా," అనబోయి నోరు మూసుకునేది. ఒకరోజు పెద్ద పళ్లెం తీసేసి కాఫీ సాసరులో వడ్డించింది. సాసరు నిండుగా కనిపించేసరికి ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

మూడు నెలలు నిండేసరికి 109 కిలోలకు వచ్చాను. తొక్క తీసిన పండు, మెత్తగా ఉడికిన చిక్కుడు గింజలు, కాస్త అన్నం ఒక్కొక్కటే చేరాయి. జుట్టు రాలడం మొదలైంది. ఇది చాలామందికి వచ్చేదే, కొన్ని నెలల్లో తగ్గుతుందని ముందే చెప్పారు గనక దువ్వెన చూసి మరీ బెంబేలెత్తలేదు. బ్రెడ్డు మాత్రం ముట్టలేదు. చివరికి ఫోన్ చేసి అడిగితే డైటీషియన్, "తినండి, కాని కరకరలాడేలా కాల్చుకుని తినండి," అన్నారు.

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. అక్క సన్నటి ముక్క తీసుకుని రెండు వైపులా గోధుమరంగు వచ్చేదాకా కాల్చింది. విరిస్తే టప్పుమంది. నాలుగో వంతు నోట్లో వేసుకుని ముప్పై సార్లు నమిలాను. తేమ ఎగిరిపోయిన బ్రెడ్డు ముద్దకట్టలేదు, పొడి పొడిగా రాలి ఉమ్మిలో తడిసింది. మింగాను. అక్క సింకుకూ నాకూ మధ్య నిలబడి టైమరు చూస్తోంది. ఒక నిమిషం. రెండు. ఐదు.

"దిగిందా?"

"దిగింది."

"ఇంత గట్టిదా!" అంటూ నా సాసరులో మిగిలిన మూడు వంతులు తీసుకుని, అక్కడే నిలబడి కరకరమని తినేసింది.