షఫుల్‌లో వచ్చిన చెక్కభజన

విదేశంలో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్ళలో చాలామంది పాటలకు కూడా ఒక పాఠ్యప్రణాళిక వేసుకుంటారు: ముందు శ్లోకాలు, తరువాత కీర్తనలు, ఆపైన ఏరి కూర్చిన పాత సినిమా పాటలు. ఆ జాబితాలను నేను తప్పుపట్టను కానీ, అమెరికాలో పుట్టిన మా ఇద్దరు పిల్లలకు కడప జిల్లా మీద ఆసక్తి పుట్టించినవి మాత్రం ఏ వరుసా లేకుండా, షఫుల్‌లో ఫోను తనకు తోచినట్టు వినిపించిన పాటలే.

మా పాటల పోగులో పద్ధతంటూ ఏమీ లేదు. ప్రొద్దుటూరులో మా నాయన దాచుకున్న క్యాసెట్లలో కొన్ని, నేను కాలేజీ రోజుల్లో కొన్న ఎంపీత్రీ సీడీలు ఒకే హార్డ్ డిస్కులోకి, అక్కడి నుంచి ఫోనులోకి చేరాయి. ఎంపీత్రీలకు మామూలుగా వాడే 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషం పాటకు దాదాపు ఒక ఎంబీ పడుతుంది కనుక 700 ఎంబీల సీడీలో 150కి పైగా పాటలు ఇమిడేవి. వాటిలో సగానికి ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అన్నవే పేర్లు.

వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరు నుంచి తాళ్ళపాకకు కారులో వెళ్తున్నప్పుడు, ఒక హుషారైన సినిమా పాట ముగిసీ ముగియకముందే ఏదో ఊరి చెక్కభజన మొదలైంది. చెక్కల చప్పుడు జోరందుకుంటున్న సమయంలో, పాటతో సంబంధం లేని గొంతు ఒకటి, “ఒరేయ్, పెట్రోమాక్సుకు గాలి కొట్టండ్రా, ఎలుగు తగ్గతాంది” అని అరిచింది. మా వాడు వెంటనే, “జేజినాయనా, లైటుకు గాలెందుకు కొడతారు?” అని అడిగాడు. అడుగు తొట్టిలో కిరసనాయిలు ఉంటుందనీ, పంపుతో గాలి కొడితే ఆ ఒత్తిడికి నూనె పైకెక్కి, ఆవిరై, మాంటిల్ (వెలుగునిచ్చే వల సంచి) దగ్గర మండుతుందనీ, ఒత్తిడి తగ్గితే వెలుగు మసకబారుతుందనీ మా నాయన వివరించాడు. ఆ అరిచింది తన తమ్ముడేనని కూడా అప్పుడే గుర్తుపట్టాడు. పిల్లలు ఆ ముక్కను పదేపదే వేయించుకున్నారు, భజన మాత్రం పూర్తిగా వినలేదు. అదీ మంచిదేననిపించింది నాకు.

ఇంకొంత దూరం పోయాక ఒకే అన్నమయ్య కీర్తన రెండు వేర్వేరు బాణీల్లో వెంటవెంటనే వచ్చింది. ఏది అసలుదని మా అమ్మాయి అడిగింది. అన్నమయ్య (1408–1503) కీర్తనలున్న తిరుమల రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ, ఎలా పాడాలో చెప్పే స్వరాలు రాసి ఉండవు. అందువల్ల నేడు మనం వినే బాణీలలో చాలావరకు ఇరవయ్యవ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. వారిలో ముఖ్యుడైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మన పక్క అనంతపురం జిల్లావాడే. “అంటే అసలు బాణీ ఎవరికీ తెలియదా?” అన్న ప్రశ్నతో తాళ్ళపాకలో దిగిన పిల్ల, అక్కడి 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ముందు ఫొటోకు నిలబడడానికి కూడా ఓపిక పట్టలేదు. రెండు బాణీలను ఎవరైనా ఏరికోరి పక్కపక్కన పెట్టి ఉంటే, అది పాఠమని ఆమె ఇట్టే పసిగట్టేది.

నిజమైన యాదృచ్ఛికతలో ఒకే రకం పాటలు రెండు మూడు వరుసగా రావడం సహజమే. వినేవాళ్ళు దాన్ని లోపమనుకోవడం వల్లనే పాటల యాప్ స్పాటిఫై 2014లో తన షఫుల్ పద్ధతిని మార్చి, ఒకే గాయకుని పాటలను దూరదూరంగా పరిచింది. పైగా ఇలాంటి యాప్‌లు మనం ఇదివరకు విన్నదాన్ని బట్టి తరువాతిది సూచిస్తాయి. ఎన్నడూ వినని మా చిన్నాయన గొంతును అవి సూచించలేవు, ఆ క్యాసెట్టు వాటి దగ్గర లేనే లేదు.

అందుకే ఈసారి మిగిలిన క్యాసెట్లను కూడా కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాము. క్యాసెట్ డెక్కు నుంచి వైరు కలిపి, ముందు డబ్ల్యూఏవీగా (శబ్దాన్ని కుదించని ఫైలుగా) రికార్డు చేసుకొని, దాని నుంచే ఎంపీత్రీ తీస్తున్నాము. ఫైలు పేరులో ఊరు, సందర్భం, పాడినవారి పేరు ఉండాలని మా అమ్మాయి పట్టుబట్టింది. అవి చెప్పవలసినవారు జేజి, జేజినాయనలే కనుక సాయంత్రాలన్నీ దానికే సరిపోతున్నాయి. రొద తగ్గించే సాఫ్ట్‌వేరును మాత్రం వాడవద్దన్నాను, అది వెనుక వినిపించే మాటలను కూడా మింగేయవచ్చు. కొన్ని టేపులకు బూజు పట్టింది. వాటిని శుభ్రం చేయించకుండా డెక్కులో పెడితే బూజు టేపును చదివే హెడ్డుకంటుకొని మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది కాబట్టి, వాటిని విడిగా ఒక డబ్బాలో పెట్టి ఉంచాము.