పాల క్యానుల్లో దాచిన చరిత్ర

చరిత్ర అంటే అంతా ముగిశాక తీరిగ్గా కూర్చుని రాసేదని చాలాకాలం నమ్మాను. పోలండ్‌కు చెందిన యూదు చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ గురించి చదివాక ఆ నమ్మకం నిలవలేదు.

ఆయన 1900లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉన్న బుచాచ్ పట్టణంలో పుట్టాడు. వార్సా విశ్వవిద్యాలయంలో ఆ నగరపు యూదుల మధ్యయుగ చరిత్రపై పరిశోధించి 1927లో డాక్టరేట్ పొందాడు. ఆ తర్వాత బడిలో చరిత్ర పాఠాలు చెబుతూ, పోలండ్ యూదుల గతాన్ని పాత దస్తావేజుల నుంచి తవ్వి తీస్తూ గడిపాడు. 1938లో జర్మనీ వెళ్లగొట్టిన యూదులు సరిహద్దు పట్టణమైన జ్బోన్‌షిన్‌లో చిక్కుకుపోయినప్పుడు సహాయానికి అక్కడికి వెళ్లాడు. 1939 ఆగస్టులో ఒక మహాసభ కోసం జెనీవాలో ఉండి కూడా, యుద్ధం ముంచుకొస్తున్నదని తెలిసీ, వార్సాకే తిరిగి వచ్చాడు.

1940 నవంబరులో, నాజీ జర్మనీ ఆక్రమించిన వార్సాలో, యూదులను బంధించిన గెట్టో అనే ప్రాంతం చుట్టూ గోడలు మూసుకున్నాయి. నాలుగు లక్షలకు పైగా మనుషులను కుక్కిన ఆ గోడల లోపల ఆయన ఒక రహస్య బృందాన్ని నడిపాడు. యూదుల విశ్రాంతి దినమైన శనివారాలలో కలిసేవారు కనుక దానికి 'ఓనెగ్ షాబెస్', అంటే విశ్రాంతి దినపు ఆనందం, అని పేరు. మతనిష్ఠ గలవారూ కమ్యూనిస్టులూ, రచయితలూ ఉపాధ్యాయులూ అందులో ఉన్నారు. పిల్లల వ్యాసాలు, ఆకలి గురించిన సాక్ష్యాలు, రేషన్ కార్డులతో పాటు ట్రామ్ టికెట్లు, మిఠాయిల మీది కాగితాలు కూడా సేకరించారు. రేపటి పాఠకుడికి ఏది అక్కరకొస్తుందో ఈనాడే తేల్చడం తన పని కాదని ఆయన అనుకున్నట్టు నాకు తోస్తుంది. చరిత్రకారుడికి ఉండవలసిన వినయం అదేనని నా అభిప్రాయం. నాజీల హెల్మ్నో చంపుడు కేంద్రం నుంచి తప్పించుకొచ్చిన మనిషి సాక్ష్యాన్ని నమోదు చేసిందీ ఈ బృందమే.

1942 జులైలో గెట్టో నుంచి ట్రెబ్లింకా అనే మరో చంపుడు కేంద్రానికి తరలింపులు మొదలయ్యాయి. ఆగస్టు తొలి రోజుల్లో నొవోలిప్కి వీధి 68వ నంబరు ఇంటి నేలమాళిగలో, ఇస్రాయెల్ లిక్టెన్‌స్టైన్ అనే ఉపాధ్యాయుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఆ సేకరణను నింపిన పది లోహపు పెట్టెలను పాతిపెట్టాడు. ఆ విద్యార్థులలో ఒకడైన డేవిడ్ గ్రాబర్‌కు పంతొమ్మిదేళ్లు. లోకానికి వినబడేలా అరిచి చెప్పలేకపోయినదంతా భూమిలో పూడ్చామని అతడు రాసిన కాగితం కూడా ఆ పెట్టెల్లోనే ఉంది. 1943 ఫిబ్రవరిలో మరికొన్ని కాగితాలను రెండు పాల క్యానుల్లో నింపి పాతారు.

రింగెల్‌బ్లూమ్ కుటుంబంతో సహా గెట్టో బయట గ్రూయెట్స్కా వీధిలోని ఒక తోట కింద తవ్విన రహస్య గదిలో, సుమారు నలభై మందితో కలిసి తలదాచుకున్నాడు. ఆ ఇరుకులో కూడా యుద్ధకాలంలో పోలిష్ ప్రజలకూ యూదులకూ మధ్య ఉన్న సంబంధాల గురించి రాస్తూనే ఉన్నాడు. యూదులను కాపాడినవారినీ, అప్పగించినవారినీ ఒకే పుస్తకంలో తూచడానికి ప్రయత్నించాడు. 1944 మార్చి 7న ఆ చోటు పట్టుబడింది. కొన్ని రోజులకే ఆయననూ, భార్యనూ, కొడుకు ఊరీనీ కాల్చి చంపారు. ఆశ్రయమిచ్చిన పోలిష్ తోటమాలి కూడా ప్రాణాలు కోల్పోయాడు.

బృందంలో బతికి బయటపడినవారు చాలా కొద్దిమంది. వారిలో ఒకడైన హెర్ష్ వాసర్ సాయంతో 1946 సెప్టెంబరు 18న శిథిలాల కింద పెట్టెలు దొరికాయి. నీరు చొరబడి కాగితాలు చాలా పాడయ్యాయి. 1950 డిసెంబరులో దొరికిన పాల క్యానుల్లోనివి మాత్రం బాగానే నిలిచాయి. రెండూ కలిపి సుమారు 35,000 పుటలు. మరోచోట పాతిన మూడో భాగం కోసం ఎంత వెతికినా ఇంతవరకూ దొరకలేదు.