కొమ్మలు కొడుతుంటే గూడు బయటపడితే ఏం చేయాలి

మందారమో నిమ్మో గుబురెక్కిందని కత్తెర పట్టి నాలుగు కొమ్మలు తీయగానే లోపల గూడు బయటపడుతుంది. కోనసీమ పెరళ్లలో ఎండాకాలం మొదలైనప్పటి నుంచి వానాకాలం సగం దాకా ఇది మామూలే. అక్కడికక్కడ కత్తెర ఆపి, నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగి, ఆ చెట్టు పని ఒక నెల వాయిదా వేయండి. పెరటి పనుల్లో నెల రోజులు ఆగలేనివి చాలా తక్కువ. గూటికి మాత్రం గుడ్డు నుంచి ఎగిరిపోయేదాకా ఆ నెలే మొత్తం కాలం.

నెల అని ఊరికే అనడం లేదు. పికిలిపిట్ట రోజుకొకటి చొప్పున రెండు మూడు గుడ్లు పెడుతుంది. లేత గులాబీ పెంకు మీద ముదురు ఎర్ర మచ్చలుంటాయి. పొదగడానికి సుమారు 2 వారాలు, పిల్లలు గూడు వదలడానికి మరో 12, 13 రోజులు. దర్జీపిట్టకీ దాదాపు అంతే. గువ్వ రెండు తెల్లగుడ్లు పెడుతుంది, దానికీ పొదుగు 2 వారాలు, పెంపకం 2 వారాలు. సంచిలా వేలాడే గూడు కట్టే తేనెపిట్టకు ఇంకొన్ని రోజులు ఎక్కువ పడతాయి.

ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి గూట్లోకి తొంగి చూడక్కర్లేదు. ముక్కున పుల్లలు, పీచు మోస్తుంటే ఇంకా కడుతోందన్నమాట. ఈ దశలో బెదిరితే వదిలేసి పోవడం ఎక్కువ. ఒక పిట్ట చాలాసేపు గూట్లోంచి కదలకపోతే పొదుగుతోంది. పురుగుతో వచ్చి, వెళ్లేటప్పుడు తెల్లటి ముద్దలాంటిది ముక్కున పట్టుకుపోతుంటే పిల్లలున్నాయి. ఆ ముద్ద పిల్లల రెట్ట, వాసనకు శత్రువు రాకుండా దూరంగా పారేస్తాయి. ఇక పిల్లలకు ఈకలొచ్చాక దగ్గరికి అసలు వెళ్లకూడదు. ఎనిమిది తొమ్మిది రోజులు దాటిన పిల్లలు బెదిరితే ఎగరడం రాకుండానే కిందికి దూకేస్తాయి. మళ్లీ గూట్లో పెట్టినా నిలవవు, పిల్లి నోట పడతాయి.

కొమ్మలు అప్పటికే తీసేసి ఉంటే పెద్ద ప్రమాదం ఎండ. గుడ్డు 40 డిగ్రీలు దాటి వేడెక్కితే లోపలి పిండం బతకదు. తల్లి రెక్కలు విప్పి నీడ పట్టినా రోహిణి కార్తె మధ్యాహ్నం అది చాలదు. కొట్టిన కొమ్మనే మళ్లీ అదే చోట అరటినారతో కట్టండి. దాని ఆకు రెండు రోజుల్లో వాడిపోతుంది కాబట్టి, మూరెడు ఎండు కొబ్బరాకు ముక్కను గూటికి జానెడు పైన, పడమటి ఎండ తగలకుండా వాలుగా బిగించాలి. పక్కలు మూయకూడదు. పిట్ట వచ్చిపోయే దారి ఏదో ముందే చూసుకుని అది వదలాలి. ఈ పని పొద్దున్నే ఎండెక్కకముందు, ఐదు నిమిషాల్లో ముగించి ఇంట్లోకి వచ్చేయండి. కిటికీలోంచి గమనించండి. గంట దాటినా పిట్ట గూట్లో దిగలేదంటే నీడ మరీ దగ్గరగా కట్టారని అర్థం. ఇంకో జానెడు పైకి జరపాలి.

తెలియక మనం పాడుచేసే గూళ్లలో దర్జీపిట్టది ముందుంటుంది, ఎందుకంటే అది గూడులా కనిపించదు. వంగ, నిమ్మ, మందారం మొక్కల్లో నడుమెత్తున ముడుచుకున్న ఆకు చూసి, ఆకుచుట్టు పురుగు పట్టిందనుకుని తుంచి పారేస్తారు. తుంచేముందు ఆకు అంచు చూడండి. పురుగు చుట్టిన ఆకులో సన్నటి తెల్లని పట్టుదారాలు, నల్లటి రెట్ట, గీరి తిన్న మచ్చలు ఉంటాయి. పిట్ట కుట్టిన ఆకు అంచు వెంట సూదితో పొడిచినట్టు రంధ్రాలు, ఒక్కో రంధ్రం బయట ఆవగింజంత దూది ఉండ కనిపిస్తాయి. అది ముడి కాదు. దూదినో సాలెపురుగు దారాన్నో రంధ్రంలోంచి లాగినప్పుడు బయటికొచ్చిన కొస విచ్చుకుని అక్కడే బిగుసుకుంటుంది, వెనక్కి జారదు. ఆకు తొడిమ తెగదు కాబట్టి గూడు పచ్చగానే ఉండి చెట్టులో కలిసిపోతుంది. లోపల బూరుగు దూది, మెత్తటి పీచు పరుస్తుంది. ఇంత పని చేసేది పట్టుమని పది గ్రాములుండని పిట్ట.

అది వంగమొక్క అయితే ఆ కొమ్మ కాయలు కోయొద్దు. కోసే కుదుపుకు కుట్లు చిరుగుతాయి. కాయల బరువుకు కొమ్మ వంగుతుంటే అడుగు దూరంలో వెదురు కర్ర పాతి, కొబ్బరితాడు వదులుగా కట్టండి. మే నెల ఈదురుగాలులకు ఈ ఊతం చాలా అవసరం. నీళ్లు మొక్క మొదట్లో పోయండి, పైపుతో పైనుంచి కొట్టొద్దు. వేలాడే కుండీలో పికిలిపిట్ట గూడు పెడితే అది మేతకు వెళ్లినప్పుడు గ్లాసుతో కుండీ అంచు వెంట పోస్తే సరిపోతుంది.

గూడున్న మొక్క మీద, దాని చుట్టుపక్కల ఆ నెల ఏ మందూ కొట్టకూడదు. చాలా పిట్టల పిల్లలు పెరిగేది గొంగళిపురుగులు, చిన్న కీటకాల మీదే, మందు నేరుగా వాటి కడుపులోకి పోతుంది. వేపనూనె పర్లేదు కదా అని చాలామంది అడుగుతారు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టడం మొక్కకు మంచిదే. గుడ్డు మీద పడితే మాత్రం నూనె పెంకు మీది సన్నటి రంధ్రాలను మూసేస్తుంది, లోపలి పిల్లకు గాలి అందదు. తుక్కు తగలబెట్టడం, సాయంత్రం దోమలకు పొగ పెట్టడం గూటికి దూరంగా జరపండి. ఎలుకల జిగురు అట్టలు ఆరుబయట పెట్టనే కూడదు. కిందికి దిగిన పిట్టలు వాటికి అంటుకుంటాయి.

చేపల, రొయ్యల చెరువుల పక్క ఊళ్లలో నైలాన్ వల దారాల బెడద ఉంది. పిట్టలు వాటిని పీచనుకుని గూట్లో అల్లుతాయి. పిల్ల పెరిగే కొద్దీ దారం కాలికి బిగిసి, గూట్లోంచి ఎగరబోయి తలకిందులుగా వేలాడుతుంది. అప్పుడు దారం లాగితే కాలు విరుగుతుంది. చిన్న కత్తెరతో కాలికి దగ్గరగా ముక్కలుగా కత్తిరించాలి. బీర, ఆనప పాదులకు పాత వల పందిరి వేసేవాళ్లు కొబ్బరితాడుకు మారితే ఈ బాధే ఉండదు.

కింద పడిన పిల్ల కనిపిస్తే ముందు ఈకలు చూడండి. ఒంటినిండా ఈకలుండి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. పక్క పొదలో కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ఈకల్లేని పిల్లను తిరిగి గూట్లో పెట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదనే మాట నిజం కాదు. మాటిమాటికీ గూటి దగ్గర తచ్చాడితేనే రాదు. గూడే చెదిరిపోతే పెద్ద కొబ్బరిచిప్ప తీసుకుని, వాన నీళ్లు పోవడానికి అడుగున మేకుతో నాలుగైదు చిల్లులు పెట్టి, చెదిరిన గూటి పీచు అందులో సర్ది, అదే చెట్టుకు పాత గూటికి మీటరులోపు, నీడలో, కదలకుండా తీగతో కట్టాలి. కొత్త దూది వేయొద్దు, గోళ్లకు చుట్టుకుంటుంది. పాలు, అన్నం పెట్టొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. దూరం నుంచి రెండు గంటలు చూసినా తల్లి రాకపోతే, లేదా పిల్లకు దెబ్బ తగిలి ఉంటే, అటవీశాఖ వాళ్లకు చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకిచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. పెంచుకుందామని పిల్లల్ని ఇంట్లోకి తేవడం ఆ లెక్కన కూడా తప్పే.

పిల్లి ఎక్కకుండా చెట్టు మొదట్లో రేగుకంప వేయొచ్చు. ఎలుకలకని కొబ్బరిచెట్టుకు చుట్టే రేకు ఇంకా మేలు, కాకపోతే పక్క చెట్టు కొమ్మలు తగలకుండా ఉండాలి. కాకికి, జెముడుకాకికి ఆకుల గుబురే అడ్డు. అందుకే గూడు కనిపించాక ఇంకొక్క ఆకు కూడా తీయొద్దని ఇంత గట్టిగా చెప్పడం.

కొబ్బరి దింపు తీసేవాళ్లకు ముందే చెప్పాలి. జూన్ నుంచి గిజిగాళ్లు మట్టల చివర గూళ్లు వేలాడదీస్తాయి. ఆ మట్ట కాయకు అడ్డం రాదు, ఉంచేసినా దింపు ఆగదు. తల విరిగిన మోడు ఇంటి మీదికో కరెంటు తీగల మీదికో ఒరగకపోతే దాన్నీ కొట్టించొద్దు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో తర్వాత గోరింకలు, చిలకలు చేరతాయి. గూడు ఖాళీ అయ్యాక కూడా వారం ఆగండి, గువ్వలైతే అదే గూట్లో మళ్లీ గుడ్లు పెడతాయి. గుబురు చెట్ల పెద్ద కత్తిరింపులన్నీ వానలు తగ్గాక నవంబరు, జనవరి మధ్య పెట్టుకుంటే, చాలా గూళ్లకు కత్తెర ఎదురుపడదు.