కెన్నెడీలో దిగే ముందు ముప్పావు గంట

దుబాయ్ నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి దాదాపు 14 గంటలు. దారిలో చాలాసేపు పైలట్లకి రేడియోలో పెద్దగా పని ఉండదు. అట్లాంటిక్ మీద కంట్రోలర్లతో, అంటే నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పేవాళ్లతో, సంభాషణ కూడా ఎక్కువగా డేటాలింక్ అనే టైపు మెసేజీల్లోనే జరిగిపోతుంది. దిగడానికి ముప్పావు గంట ముందు మొదలవుతుంది అసలు పని.

కెన్నెడీ అప్రోచ్ కంట్రోలర్ హెడింగ్ (వెళ్లాల్సిన దిశ), ఎత్తు, వేగం మూడూ ఒకే ఊపిరిలో చెప్పేస్తాడు. విన్నది తిరిగి అప్పజెప్పే మన రీడ్‌బ్యాక్ పూర్తయ్యేలోపే ఇంకో విమానాన్ని పిలుస్తాడు. గల్ఫ్‌లో గాలి పీడనం హెక్టోపాస్కల్స్‌లో చెబుతారు, ఇక్కడ పాదరసం అంగుళాల్లో. అక్కడ ఫ్రీక్వెన్సీ చెప్పేటప్పుడు 'డెసిమల్' అంటారు, ఇక్కడ 'పాయింట్'. విడిగా చూస్తే ఇవన్నీ చిన్న విషయాలే. రాత్రంతా నిద్ర సరిగా లేని మనిషికి చెక్‌లిస్టు మధ్యలో అన్నీ కలిసి వస్తే మాత్రం టెన్షన్ తప్పదు. కాక్‌పిట్‌లో ఒకరు విమానం నడుపుతుంటే రెండోవారు రేడియో చూస్తారు. కెప్టెన్ నడిపే రోజు ఆ రేడియో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కోపైలట్‌గా, నాది.

ఒక వేసవి సాయంత్రం న్యూజెర్సీ మీద ఉరుముల మేఘాలు కమ్ముకున్నాయి. కంట్రోలర్ ఎడమకి తిరగమన్నాడు. మా వెదర్ రాడార్‌లో అటంతా ఎర్రగా ఉంది. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. నేను బటన్ నొక్కి, "అనేబుల్, వెదర్. కుడికి 20 డిగ్రీలు కావాలి" అన్నాను. అనేబుల్ అంటే 'చెప్పినట్టు చేయలేం' అని. కంట్రోలర్ ఒక్క క్షణంలో వేరే హెడింగ్ ఇచ్చి ఇంకో విమానం వైపు వెళ్లిపోయాడు. గొంతులో విసుగు లేదు, ఎందుకని అడగలేదు.

ఇదేం గొప్ప అనిపించవచ్చు. కానీ పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం, ఫ్లయింగ్ స్కూల్లో మాట మాటకీ 'సార్' అన్నవాళ్లం. అధికారంలో ఉన్నవాడు ఏదైనా చెబితే మన నోటికి ముందు వచ్చేది "ట్రై చేస్తాం సార్". రేడియోలో ఆ మర్యాద ప్రమాదం. కంట్రోలర్ దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంటాడు.

కెన్నెడీకి వెళ్లే ప్రతిసారీ నాకు ఏవియాంకా 52 అనే విమానం గుర్తొస్తుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఆ బోయింగ్ 707ని వాతావరణం బాగాలేక మూడు చోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు గాలిలోనే తిప్పారు. మొదటిసారి దిగడం కుదరక మళ్లీ పైకి లేచారు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ కోపైలట్‌కి చెప్పాడు. కెప్టెన్‌కి ఇంగ్లీషు అంతగా రాదు, రేడియో మొత్తం ఆ కోపైలట్ మీదే నడుస్తోంది. అతను ఇంధనం అయిపోతోందని చెప్పాడు గానీ ప్రాణాపాయంలో ఉన్నామని తెలిపే 'మేడే' అనే మాట అనలేదు, ఎమర్జెన్సీ అనలేదు. ఇంకొంచెం దూరం తిప్పి తీసుకొస్తాను, మీకూ మీ ఇంధనానికీ ఫర్వాలేదా అని కంట్రోలర్ అడిగితే, ఫర్వాలేదనుకుంటాను, చాలా థాంక్స్ అన్నాడు. కాసేపటికి ఇంజన్లు ఆగిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్‌లో కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. ఆ 'థాంక్స్' గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆ గొంతు మనలో ఎవరిదైనా కావచ్చు.

కంట్రోలర్‌కి మా ఇంధనం కనబడదు. రెక్కలకుండే ఫ్లాప్స్ మొరాయించినా, వెనక ప్రయాణికుడికి గుండెనొప్పి వచ్చినా తెలియదు. అతని తెరమీద మేం ఒక చిన్న గుర్తు, పక్కన కొన్ని అంకెలు, అంతే. మేం చెబితేనే తెలుస్తుంది. ఇప్పుడు నియమం స్పష్టంగా ఉంది: దిగేసరికి 30 నిమిషాలు ఎగరడానికి సరిపడే రిజర్వు కంటే తక్కువ ఇంధనం మిగులుతుందని లెక్క తేలితే 'మేడే' మూడుసార్లు అని, 'ఫ్యూయల్' అనాలి. మొహమాటానికి తావు లేదు.

అలాగే చేతినిండా పని ఉన్నప్పుడు 'స్టాండ్‌బై' (కాస్త ఆగండి) అని కంట్రోలర్‌ని ఆపడం కూడా నేర్చుకోవాల్సిందే. ముందు విమానం నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. 2009లో హడ్సన్ నదిలో దిగిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్, రన్‌వే ఇస్తామంటే అనేబుల్ అని ముక్తసరిగా చెప్పాడు. చివర్లో కంట్రోలర్ పిలుస్తున్నా జవాబివ్వలేదు. విమానంలోని 155 మందీ బతికారు.

మన వృత్తికి ఇంగ్లీషు పరీక్ష ఉంది, కనీసం నాలుగో లెవెల్ రావాలి. ప్రశాంతమైన గదిలో కూర్చుని విని మాట్లాడే ఆ పరీక్ష ఈ ధైర్యాన్ని కొలవలేదు. అందుకే హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు మొదటిసారి కెన్నెడీ డ్యూటీ పడిందని ఫోన్ చేస్తే, ఆన్‌లైన్‌లో దొరికే కెన్నెడీ రేడియో రికార్డింగులు పెట్టుకుని రీడ్‌బ్యాక్ గట్టిగా పైకి చెప్పమంటాను. మధ్యమధ్యలో ఏదో ఒక సూచన దగ్గర ఆగి, దాన్ని కాదనడం కూడా ప్రాక్టీస్ చేయమంటాను, గొంతు తగ్గించకుండా, సారీ చెప్పకుండా.