పాలల్లో నీళ్ళ కన్నా గేదెలకి పెట్టే బూజు పట్టిన చెక్కంటేనే నాకు భయం

వాడుక పాలు కాస్తే మీగడ కట్టట్లేదని అమ్మ రెండు రోజులుగా ఒకటే గొడవ, నీళ్ళు కలిపాడో పిండి కలిపాడో అని అనుమానం, సరే చూద్దాం అని మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ తెచ్చి, కాచి చల్లార్చిన పాలల్లో రెండు చుక్కలు వేశాను. పిండి ఉంటే నీలం తిరగాలి, తిరగలేదు. పాలు చల్లారాకే వెయ్యాలండోయ్, వేడి మీద వేస్తే పిండి ఉన్నా రంగు కనపడదు. సీసాలో సగం పాలు సగం నీళ్ళు పోసి గట్టిగా కుదిపి కూడా చూశా, సబ్బు పొడి ఉంటే నురగ దట్టంగా నిలబడుతుంది, ఇక్కడ పల్చగా వచ్చి పోయింది.

పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. నీళ్ళు పోస్తే రీడింగ్ పడిపోతుంది, అందులో కాస్త పంచదార కలిపితే మళ్ళీ పైకొస్తుంది. అందుకే మా పెద్దమ్మ పాలు పోసే కేంద్రంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న, నీళ్ళు కాకుండా పాలల్లో మిగిలే ఘనపదార్థం) రెండూ చూసి రేటు కడతారు.

అసలు నాకు నిద్ర పట్టనివ్వంది వేరే విషయం. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా 6,432 పాల శాంపిల్స్ తీస్తే, కల్తీ వల్ల తాగడానికి పనికిరావని తేలినవి 12, వాటిలో 9 మన తెలంగాణవే. అది తక్కువే అనుకుందాం, కానీ 368 శాంపిల్స్‌లో అఫ్లాటాక్సిన్ ఎం1 ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. అది ఎవరో కలిపింది కాదు, బూజు పట్టిన దాణా గేదె తింటే పాలల్లోకి దిగే విషం, ఎంత కాచినా పోదు, అయోడిన్‌కీ నురగకీ దొరకదు. పెద్దమ్మ గేదెకి పెట్టే వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, లోపల పచ్చగా బూజు కనిపిస్తే మొత్తం పెంటకుప్ప మీద పారేసేది, డబ్బులు దండగ కదా అంటే గేదె తింటే మనం తిన్నట్టే కదరా అనేది.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేసి సీలు వేసి, అందులో ఒకటి టెస్ట్‌కి ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్టుకి చట్టమే 14 రోజులు ఇచ్చింది, ఆ పాలేమో మన పిల్లలు ఆ పొద్దున్నే తాగేసి ఉంటారు. ఫీజు కట్టి మనమే ఫుడ్ అనలిస్టు చేత టెస్ట్ చేయించుకోవచ్చని 2006 ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ఉంది, ఎంతమందికి తెలుసు చెప్పండి? టెస్టింగ్ వ్యాన్లు పాలు పోసే టైముకి, తెల్లారి 6 గంటలకి మన వీధుల్లోకి రావాలి, మధ్యాహ్నం వస్తే ఏం లాభం?

నిన్న మా పాలాయన్ని చెక్క ఎక్కడ పెడుతున్నావు బాబాయ్ అని అడిగా, కొట్టంలో నేల మీదే గోనెసంచిలో అన్నాడు. వానాకాలం కదా, కింద చెక్కబల్ల వేసి గోడకి తగలకుండా పెట్టమని చెప్పా. ఆదివారం నేనూ వెళ్ళి ఆ సంచి విప్పి చూస్తా.